1973 మార్క్ 2 అంబాసిడర్ ముందు బంపర్ మార్చాలి, వైజాగ్‌లో ఎవరైనా చేశారా?

వాల్తేరు_మార్క్2
బుధవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు, ఇదే మొదటిసారి. మాది పెదవాల్తేరు. నాన్నగారి 1973 అంబాసిడర్ మార్క్ 2 ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంజన్ బాగుంది, గేర్లు బాగున్నాయి, ఆదివారాలు తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్ళి వస్తాం. బాధంతా ముందు బంపర్‌తోనే.

హుద్‌హుద్ తుఫాను రోజున, అంటే 2014 అక్టోబర్ 12న, పెరట్లో కొబ్బరిచెట్టు విరిగి బండి ముందు ఎడమ పక్కన పడింది (డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఎడమ). బానెట్, మడ్గార్డ్ తర్వాత టింకరింగ్ చేయించారు. బంపర్‌ని మాత్రం నాన్నే ఊడదీసి, సుత్తితో సాపు చేసి, మళ్ళీ బిగించేశారు. ఇప్పుడు క్రోమ్ పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. ఎడమ చివర కింది అంచుని బొటనవేలితో నొక్కితే ఎర్రటి పొడి రాలుతోంది. పైగా ఎదురుగా నిలబడి చూస్తే ఆ పక్క కొంచెం కిందికి వాలినట్టు ఉంటుంది, మాకు అలవాటైపోయి పట్టించుకోలేదు, మొన్న మా అమ్మాయి ఫోటో తీసి చూపించే దాకా.

కొత్తది కొనాలా, పాతదానికే మళ్ళీ ప్లేటింగ్ చేయించాలా? చేసినవాళ్ళు చెప్పండి.


కంచరపాలెం_కుర్రోడు
బుధవారం, రాత్రి 10:20

కొత్తది కొనేయండి అన్నా. అంబాసిడర్ సామాను ఇంకా దొరుకుతోంది, 2014 దాకా కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో బండ్లు తయారైనాయి కదా. కోల్‌కతా నుంచి పార్సిల్ వేయిస్తే వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. కాకపోతే మార్క్ 2 బంపర్ అని గట్టిగా చెప్పండి, ఫోటో పంపండి. అంబాసిడర్ బంపర్ అని ఊరుకుంటే ఏ మార్క్‌ది పంపుతారో చెప్పలేం.


గాజువాక_ఫిట్టర్
గురువారం, ఉదయం 6:35

తమ్ముడూ, కొనే ముందు ఒక పని చేయి. బండి కింద దూరి బంపర్ వెనక ఫోటోలు తియ్యి, బంపర్‌ని బాడీకి పట్టి ఉంచే రెండు బ్రాకెట్లూ కనబడేటట్టు. బంపర్ వాలిందంటే బంపరే వంగిందని అనుకోకూడదు.


ఉప్పుగాలి
గురువారం, ఉదయం 11:05

ప్లేటింగ్ గురించి నాకు తెలిసింది రాస్తాను, ఈ పనిలోనే ఉన్నాను చాలా ఏళ్ళుగా.

క్రోమ్ తుప్పు పట్టదు, నిజమే. కానీ బంపర్ మీద మనకు అద్దంలా కనబడే ఆ క్రోమ్ పొర చాలాసార్లు అర మైక్రాన్ మందం కూడా ఉండదు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, పోల్చుకోండి. ఇనుముని నిజంగా కాపాడేది దాని కింద ఉన్న నికిల్ పొర. క్రోమ్ పొరలో కంటికి ఆనని పగుళ్ళు, రంధ్రాలు ఎలాగూ ఉంటాయి. మన ఊళ్ళో ఉప్పుగాలి తేమ వచ్చి సరిగ్గా అక్కడే కూర్చుని నికిల్‌ని తొలుచుకుంటూ ఇనుము దాకా దిగుతుంది, ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి పై పొరను లేపుతుంది. మీకు పెచ్చు కనబడుతోందంటే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం.

అందుకే ఎవరి దగ్గరికి వెళ్ళినా "క్రోమ్ బాగా వేయండి" అని అడగొద్దు, "నికిల్ ఎంత మందం వేస్తారు" అని అడగండి. సముద్రం పక్కన తిరిగే బండికి 30 మైక్రాన్లకు తగ్గకుండా ఉండాలి, రెండు రకాల నికిల్ ఒకదాని మీద ఒకటి వేసేవాళ్ళు దొరికితే ఇంకా మంచిది. ముందు పాత పూత మొత్తం తీసేయాలి, తర్వాత బఫింగ్ (చక్రం మీద నునుపు చేయడం), రాగి, నికిల్, చివర్న క్రోమ్. రాగి వేశాక మళ్ళీ ఒకసారి బఫింగ్ చేస్తే గుంటలు పూడతాయి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంకోటి. కరెంటుతో వేసే పూత గుంటల్లోకి, లోపలి వంపుల్లోకి సరిగ్గా పోదు, ఎదురుగా ఉన్న చోటే ఎక్కువ పడుతుంది. కాబట్టి బంపర్ వెనక వైపు కొత్తదైనా పాతదైనా దాదాపు బోసిగానే ఉంటుంది. బిగించే ముందు వెనకంతా జింక్ ప్రైమర్ కొట్టి, దాని మీద మంచి పెయింట్ రెండు పూతలు వేయండి. మీది కింది అంచు నుంచి పొడి రాలుతోందంటే లోపలి నుంచే తిన్నది.


దొండపర్తి_పద్మిని
గురువారం, మధ్యాహ్నం 2:40

ఉప్పుగాలి గారు చెప్పింది అక్షరాలా నిజం, నేను అనుభవించాను.

నాది 1986 ప్రీమియర్ పద్మిని. రెండు బంపర్లూ ఒక చోట ప్లేటింగ్‌కి ఇచ్చాను, ఊరూ పేరూ వద్దు. తెచ్చిన రోజు చూసి కళ్ళు చెదిరాయి. రెండో వానాకాలం రాకముందే ఓవర్‌రైడర్ల (బంపర్ మీద నిలువుగా ఉండే కొమ్ముల) చుట్టూ చిన్న చిన్న చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. అప్పుడు తెలిసింది, గుంటలు పోవడానికి బఫింగ్ చక్రం మీద అరగదీసి అరగదీసి అంచుల్ని పల్చన చేసేశారని, బోల్టు రంధ్రాల అంచులు గుండ్రం పోయి బోల్టు తల ఒక పక్కకి జారి కూర్చుంటోందని. ఇనుము ఒకసారి పోయాక ఎవరు తెచ్చివ్వగలరు?

రెండోసారి వేరే చోట ఇచ్చాను. ఈసారి ఇచ్చే ముందు చెక్క స్కేలు పెట్టి అంచుల మందం, రంధ్రాల కొలత రాసుకుని, ప్రతి పక్కా ఫోటో తీసుకుని, బఫింగ్ అయ్యాక పూత వేయకముందు నేను వచ్చి చూస్తానని చెప్పాను. మొదట ఇష్టపడలేదు. పక్కన నిలబడితే పని బాగానే చేశారు. ఇప్పటికి నాలుగు వానాకాలాలు గడిచాయి, చుక్క లేదు.

మీది పొడి రాలుతోందంటే ఆ అంచు ప్లేటింగ్‌కి నిలబడదేమో అని నా అనుమానం. యాసిడ్‌లో ముంచగానే జల్లెడ అవుతుంది.


వాల్తేరు_మార్క్2
గురువారం, రాత్రి 8:15

ఫోటోలు పెట్టాను ఫిట్టర్ గారూ. వెలుతురు సరిపోలేదు, బ్రాకెట్ల మీద ఏళ్ళ నాటి మట్టి గ్రీజూ కలిసి గట్టిపడిపోయాయి.

పద్మిని గారూ, మీరన్నట్టే అయింది. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీకితే అర అంగుళం మేర దూరిపోయింది. కొత్తదానికే ఆర్డర్ పెట్టేశాను. స్టీలు బంపర్ మీద క్రోమ్, మార్క్ 2 అనే చెప్పారు.


నావల్_బేస్_రిటైర్డ్
గురువారం, రాత్రి 9:30

స్టెయిన్‌లెస్‌ది ఎందుకు చూడలేదు సర్? తుప్పు బెడద ఉండదు.


ఉప్పుగాలి
గురువారం, రాత్రి 10:10

ఉండదని కాదండీ, ఏ గ్రేడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 304 అయితే బీచ్ పక్కన ఆరు నెలల్లో టీ మరకల్లాంటి గోధుమ రంగు వస్తుంది. 316లో మాలిబ్డినం అనే లోహం 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పుకి అది తట్టుకుంటుంది. బజారులో 202 ని కూడా 304 అని అమ్మేవాళ్ళున్నారు, అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ అంటవు, కాబట్టి ఆ పరీక్ష నమ్మొద్దు. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల మందు దొరుకుతుంది, ఒక చుక్క వేస్తే రంగు మారుతుంది, 316 అని చెప్పి అమ్మితే అది అడగండి. ఇంకా, పాలిష్ చేసిన స్టెయిన్‌లెస్ రంగు కొంచెం పసుపు వెచ్చదనంతో ఉంటుంది, క్రోమ్‌ది నీలం చల్లదనం. పక్కన క్రోమ్ గ్రిల్ ఉంటే తేడా తెలిసిపోతుంది. నా కంటికి నచ్చదు.


భీమిలి_రోడ్డు
శుక్రవారం, ఉదయం 7:50

1973 బండి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అర్హత వచ్చింది కదా, 50 ఏళ్ళు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. బంపర్ మారిస్తే అది పోతుందా అని ఎవరికైనా అనుమానం ఉంటే: బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు అన్నది షరతు. అదే రకం బంపర్ వేసుకుంటే ఇబ్బంది ఉండదని నా ఉద్దేశం. కానీ తొందరపడి వీఏకి వెళ్ళొద్దు మార్క్2 గారూ. ఆ నంబర్ తీసుకుంటే బండిని రోజూ తిప్పుకోవడానికి లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే తీయాలి. ఆదివారం భీమిలి షికారు పోతుంది. ఐదేళ్ళకోసారి మామూలు రెన్యువల్ చేయించుకుంటూ తిప్పుకోవడమే మేలు.


వాల్తేరు_మార్క్2
తర్వాతి శనివారం, సాయంత్రం 6:05

బంపర్ వచ్చింది. మెరుపు చూసి ఇంట్లో అందరూ సంతోషించారు. సంతోషం అరగంటే.

పాతది ఊడదీయడానికే పొద్దున్నంతా పట్టింది. రాత్రే బోల్టులకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాను, మూడు వచ్చాయి, ఎడమ లోపలిది తల అరిగిపోయి చివరికి గ్రైండర్‌తో కోయాల్సి వచ్చింది. తర్వాత కొత్తది పెడితే కుడి పక్క రెండు రంధ్రాలూ చక్కగా కూర్చున్నాయి, ఎడమ పక్క బోల్టు దూరడం లేదు. రంధ్రం పైన ఉంది, బ్రాకెట్ కింద ఉంది, అర అంగుళం దాకా తేడా. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "కొంచెం ఫైలింగ్ చేసుకోవాలండీ, అన్నిటికీ అంతే" అన్నాడు. రేపు రౌండు ఫైల్‌తో రంధ్రం సాగదీద్దామనుకుంటున్నాను. క్రోమ్ పెచ్చు లేవకుండా ఎలా ఫైల్ చేయాలి?


గాజువాక_ఫిట్టర్
శనివారం, సాయంత్రం 6:20

ఫైల్ ముట్టుకోవద్దు. ఆగు. డ్యూటీ నుంచి వచ్చి రాస్తాను.


గాజువాక_ఫిట్టర్
శనివారం, రాత్రి 10:45

ఇప్పుడు విను. కుడి పక్క రెండూ కూర్చున్నాయంటే బంపర్ కొలత సరైనదే. తయారీలో తప్పుంటే రెండు పక్కలా కొంచెం కొంచెం తేడా వస్తుంది, ఒక పక్కే అర అంగుళం రాదు. నీ బండి మీద చెట్టు పడింది ఏ పక్క? ఎడమ. బంపర్ వాలింది ఏ పక్క? ఎడమ. మీ నాన్నగారు బంపర్‌ని సాపు చేశారు గానీ దాన్ని మోసే బ్రాకెట్ వంగి ఉంటే, పాత బంపర్‌ని ఆ వంకర బ్రాకెట్‌కి తగ్గట్టు లాగి బిగించి ఉంటారు. పాపం ఆ రోజుల్లో ఎవరైనా అదే చేస్తారు. ఇప్పుడు నువ్వు కొత్తదాన్ని కూడా ఆ వంకరకి తగ్గట్టు కోసేస్తే, రంధ్రం అంచులో క్రోమ్ పోయి తుప్పు అక్కడే మొదలవుతుంది, బంపర్ వాలుడు అలాగే ఉంటుంది.

కొలవడం ఇలా. నేల నుంచి కొలవొద్దు, ఈ బండికి ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), ఇన్నేళ్ళకి ఒక పక్క కుంగి ఉండొచ్చు, ఆ కొలత మోసం చేస్తుంది. బండి కిందే రెండు పక్కలా ఒకేలా ఉండే గుర్తు ఒకటి పట్టుకో, సస్పెన్షన్ బిగించిన బోల్టు లాంటిది. కుడి గుర్తు నుంచి కుడి బ్రాకెట్ చివరికి, ఎడమ గుర్తు నుంచి ఎడమ బ్రాకెట్ చివరికి టేపు పెట్టు. తర్వాత అడ్డంగా, కుడి గుర్తు నుంచి ఎడమ బ్రాకెట్‌కి, ఎడమ గుర్తు నుంచి కుడి బ్రాకెట్‌కి దారం కట్టి చూడు. నాలుగు అంకెలూ ఇక్కడ రాయి.

ఒకటి భయం ఉంది. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ ఉండదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి, బాడీయే ఛాసిస్. బ్రాకెట్ ఊడదీసి బల్ల మీద పెడితే అది తిన్నగా ఉందనుకో, వంకర బాడీలో ఉన్నట్టు. అప్పుడు ఇంట్లో చేసే పని కాదు. దేవుడి దయవల్ల బ్రాకెట్టే వంగి ఉండాలని కోరుకో.


వాల్తేరు_మార్క్2
ఆదివారం, ఉదయం 9:30

ఇవాళ భీమిలి లేదు, పొద్దున్నే ఆరు నుంచి బండి కిందే ఉన్నాను. మట్టి గీకి కిరోసిన్‌తో కడిగి కొలిచాను.

కుడి నేరుగా 61.2 సెంటీమీటర్లు, ఎడమ నేరుగా 60.3. అడ్డంగా కుడి నుంచి ఎడమకి 98.6, ఎడమ నుంచి కుడికి 99.4. ఎడమ బ్రాకెట్ చివర కిందికీ వెనక్కీ వచ్చిందన్నమాట.

ఊడదీశాను. బల్ల మీద కుడిదాని పక్కన పెడితే చెప్పక్కర్లేదు, అరటి పువ్వు వంగినట్టు వంగి ఉంది. బాడీ వైపు బోల్టు రంధ్రాలు నాలుగూ కుడి పక్కతో సరిపోయాయి. ఎంత టెన్షన్ పడ్డానో!


గాజువాక_ఫిట్టర్
ఆదివారం, ఉదయం 9:45

బతికిపోయావు.


కంచరపాలెం_కుర్రోడు
ఆదివారం, ఉదయం 10:10

గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే పది నిమిషాల పని గురూ.


నావల్_బేస్_రిటైర్డ్
ఆదివారం, ఉదయం 11:20

కొట్టే ముందు పగులు ఉందేమో చూడండి సర్. మేం వర్క్‌షాపులో ఎప్పుడూ చేసే పద్ధతి చెప్తాను, ఖర్చు లేదు. బ్రాకెట్‌ని శుభ్రంగా తోమి కిరోసిన్ పూసి అరగంట వదిలేయండి. తర్వాత గుడ్డతో పొడిపొడిగా తుడిచేసి సుద్దముక్క పొడి చల్లండి, లేదా సుద్ద రాసేయండి. పగులు ఉంటే దానిలోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరుతుంది, తెల్ల సుద్ద మీద సన్నటి తడి గీత కనబడుతుంది. వంగిన చోట మడత లోపలా, బోల్టు రంధ్రాల చుట్టూ బాగా చూడండి.

కాల్చడం మామూలు ఇనుముకి తప్పు కాదు. కానీ బండి మీద ఉండగా మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పక్కనే రబ్బరు, వైర్లు, పెట్రోలు.


వాల్తేరు_మార్క్2
ఆదివారం, మధ్యాహ్నం 1:15

సార్, మీ సుద్ద పరీక్ష చేశాను. లోపలి బోల్టు రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుక లాంటి గీత. మొదట గీకుడు అనుకున్నాను, తుడిచేసి మళ్ళీ సుద్ద రాసినా అక్కడే మళ్ళీ ఊరింది. మామూలుగా చూస్తే జన్మలో కనబడేది కాదు.

నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి చూపించాను. 78 ఏళ్ళు ఆయనకి. చాలాసేపు ఆ గీతనే చూసి, "ఆ వారమంతా కరెంటు లేదు, నీళ్ళు లేవురా, బ్రాకెట్ విప్పి చూడాలని తోచలేదు" అన్నారు. పదేళ్ళకి పైగా ఆ బ్రాకెట్ మీదే తిరిగాం. ఎక్కడా ఏమీ కాకపోవడం మా అదృష్టం.

వెల్డింగ్ చేయించనా?


గాజువాక_ఫిట్టర్
ఆదివారం, మధ్యాహ్నం 1:40

వద్దు. ఒకసారి వంగి, పగిలి, మళ్ళీ సాపు చేసి, వెల్డింగ్ పెడితే ఆ వెల్డింగ్ పక్కనే మళ్ళీ పగులుతుంది. కుడి బ్రాకెట్ నీ దగ్గర ఉంది కదా, అట్ట మీద దాని అచ్చు గీసి తిరగేస్తే ఎడమది వస్తుంది. ఆటోనగర్ తీసుకురా, అదే మందం ప్లేటు కోయించి, కుడిదాన్ని పక్కన పెట్టుకుని వంచి ఇస్తాను. రంధ్రాలు గుండ్రంగా కాకుండా కొంచెం కోలగా పెడతాను, సర్దుకోవడానికి.


భీమిలి_రోడ్డు
ఆదివారం, సాయంత్రం 5:30

బోల్టుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ బండి బోల్టులు అంగుళాల లెక్క, యూఎన్ఎఫ్ అనే సన్న చుట్లు. 5/16 బోల్టు 7.94 మిల్లీమీటర్లు, మన 8 ఎంఎం బోల్టు పక్కన పెడితే కవలల్లా ఉంటాయి. కానీ చుట్టు తేడా. 8 ఎంఎం నట్టు దానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, పట్టిందిలే అని పానతో తిప్పితే బోల్టు చుట్లన్నీ పాడు. పానలు కూడా అంతే, 9/16 తలకి 14 ఎక్కదు, 15 పెడితే జారి మూలలు అరిగిపోతాయి. మార్క్2 గారి బోల్టు తల అరిగింది అందుకేనని నా అనుమానం. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో అడిగితే అంగుళాల పానలు ఇప్పటికీ ఇస్తారు.

స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేటట్టయితే చుట్లకి గ్రీజు రాయకుండా బిగించొద్దు, స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పట్టేస్తే కోయడమే గతి. బంపర్‌కి తగిలే చోట నైలాన్ వాషర్ వేయండి.


దొండపర్తి_పద్మిని
ఆదివారం, రాత్రి 8:50

బిగించేటప్పుడు కింద పాత దుప్పటి పరిచి, ఇద్దరు పట్టుకోండి. నాలుగు బోల్టులూ వేలితో తిరిగేంత వదులుగా వేసి, బాడీకీ బంపర్‌కీ మధ్య సందు రెండు పక్కలా ఒకే చెక్క ముక్కతో కొలిచి, సమానం అయ్యాకే లోపలివి ముందు, బయటివి తర్వాత బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకి వెళ్తే లాగేస్తుంది.


వాల్తేరు_మార్క్2
రెండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:00

బంపర్ ఎక్కింది. ఫిట్టర్ గారు చేసిచ్చిన బ్రాకెట్‌తో, ఫైల్ గానీ సుత్తి గానీ ముట్టుకోకుండా నాలుగు బోల్టులూ చేత్తో దూరాయి. వెనకంతా జింక్ ప్రైమర్, రెండు పూతల పెయింట్. సందు కొలవడానికి మా అమ్మాయి చెక్క ముక్క పట్టుకుంది, నాన్న కుర్చీలోంచి "ఎడమ ఇంకో నూలు పైకి" అని చెప్తూ ఉన్నారు. రెండు పక్కలా 19 మిల్లీమీటర్లు వచ్చింది.

పాత బంపర్ పారేయలేదు. వెనక తిప్పి చూస్తే ఎడమ చివర నాన్న కొట్టిన సుత్తి దెబ్బలు చిన్న చిన్న గుంటలుగా వరసగా ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, ఎంత ఓపిగ్గా కొట్టారో తెలుస్తుంది. అటక మీద పెట్టాను. దాని ఓవర్‌రైడర్లు రెండూ మందంగా బాగానే ఉన్నాయి, కొత్తవాటికంటే బరువు. వాటికి ప్లేటింగ్ చేయించి ఇదే బంపర్‌కి వేద్దామనుకుంటున్నాను. పద్మిని గారూ, మీరు రెండోసారి ఇచ్చిన చోటు మెసేజ్‌లో చెప్తారా?


దొండపర్తి_పద్మిని
ఆదివారం, ఉదయం 11:25

పంపాను. రంధ్రాల లోపలి చుట్లకి మైనం పూయించి ఇవ్వండి, లేకపోతే పూత పడి బోల్టు ఎక్కదు. బీచ్ రోడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి తుడవడం మర్చిపోకండి.


గాజువాక_ఫిట్టర్
ఆదివారం, మధ్యాహ్నం 12:10

వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు బోల్టులూ మళ్ళీ పానతో చూడు. కొత్త పెయింట్ వాషర్ కింద నలిగి వదులవుతుంది.


వాల్తేరు_మార్క్2
తర్వాతి ఆదివారం, ఉదయం 8:40

భీమిలి రెండుసార్లు వెళ్ళొచ్చి చూశాను. ఎడమ లోపలిది పావు చుట్టు తీసుకుంది, మిగతా మూడూ కదల్లేదు.